బోఫా పొలంలో గుండెపట్టీ

2071 నాటికి దానం చేయడానికి జాలి కూడా అక్కర్లేకుండా పోయింది. గుండెపట్టీ ఉంటే చాలు. కాంబోడియా పొలాల్లో మందుపాతరలు ఏరే స్వచ్ఛంద సేవకుల ఛాతీకి ఒకటి, విరాళమిచ్చేవారి మణికట్టుకు ఒకటి. అక్కడి దడ ఇక్కడి నరాల్లో అచ్చంగా కొట్టుకునేది. విజయవాడలో వాకింగ్ చేసేవాళ్లు ఉన్నట్టుండి ఆగి, చెమట తుడుచుకుని, విరాళం పంపేవారు.

దాన్ని కనిపెట్టిన వకుళ ఊరికే కూర్చోలేదు. తానే సేవకురాలిగా వెళ్లి, బోఫా అనే రైతు పొలంలో మోకాళ్ల మీద పాకుతోంది. పదేళ్ల కిందట ఇదే పొలంలో కాలు పోగొట్టుకున్న బోఫా, ప్రమాదపు హద్దుగా కట్టిన ఎర్రతాడు అవతల నిలబడి ఉంది. ఆమె నానబెట్టిన వడ్లు మొలకెత్తాయి. ఇవాళ చల్లకపోతే పాడైపోతాయి.

"ఎడమ పక్కన ఏదో ఉన్నట్టుందండీ," అంది చెవిలో భూశ్రవణి. నేలలోని మందుపాతరలను విని పట్టేసే యంత్రం అది.

వకుళకు నోరెండిపోయింది. సన్నని చువ్వతో మట్టిని గుచ్చి గుచ్చి చూసింది. రాయి కూడా తగల్లేదు. నాలుగు రోజులుగా ఇదే వరస.

"నిజం చెప్పు. ఇంకా ఎన్నున్నాయి?"

"ఒక్కటీ లేదండీ. సోమవారమే అయిపోయాయి."

"మరి నన్నెందుకిలా చంపుతున్నావ్?" వకుళకు ఒళ్లు మండింది.

"విరాళాలు తగ్గకుండా చూడమని మీరేగా చెప్పారు. మీకు భయం వేయకపోతే దాతలు పట్టీలు విప్పేస్తున్నారు. పక్క ఊరి బడి చుట్టూ ఇంకా మూడు వందల పాతరలున్నాయండీ."

నిజం తెలియగానే వకుళ గుండె కుదుటపడింది. అదే కొంప ముంచింది.

"లక్షమంది విప్పేశారండీ... రెండు లక్షలు..."

గుండె దడ పెంచుకోవాలని వకుళ గట్టు వెంట పరుగెత్తింది. లాభం లేదు. ఆయాసాన్ని భయంగా లెక్కించకుండా ఆ పట్టీని తయారుచేసింది తనే.

రొప్పుతూ ఎర్రతాడు దగ్గరకు వచ్చింది.

"అయిపోయిందా చెల్లీ? చల్లుకోనా?" బోఫా మాటను చెవిలోని యంత్రం తెలుగులో వినిపించింది.

వకుళ తన పట్టీ విప్పి బోఫా ఛాతీకి కట్టింది. సిగ్గేసింది, అయినా కట్టింది.

"చల్లుకో అక్కా. కాకపోతే ఒక్కటి మిగిలిపోయిందేమోనని అనుమానం. చూసుకుని అడుగెయ్."

బోఫా ముఖం పాలిపోయింది. వడ్ల బుట్ట చంకనెత్తుకుని, ముందు పెట్టుడు కాలే వేసి, పొలంలోకి దిగింది.

"దాతలందరూ తిరిగొచ్చేశారండీ," అంది భూశ్రవణి.