పాతర బండ మీద పగటి నిద్ర

ఆ ఏడు వానలు లేవు. మా ఆయన కూలికి బళ్లారి పోయినాడు. విడపనకల్లు దగ్గర మా పల్లెలో నేనూ, మా అత్త అంజనమ్మా, మూడో ఏడు నడిచే నా కొడుకు కుళ్ళాయప్పా మిగిలినాము. షావుకారు ఇంటి నుంచి చెనిక్కాయల మూటలు తెచ్చుకొని ఒలిచి ఇస్తే పూట గడిచేది. పిల్లోడు మేలుకొని ఉంటే పని సాగదు. విత్తనాలు ముక్కులో దూర్చుకుంటాడు, తొక్కల్లో పొర్లుతాడు.

మధ్యాహ్నం వాణ్ని పండబెట్టేసరికి నా ప్రాణం పోయేది. కాళ్ళ మీద వేసుకొని ఊపితే నవ్వుతాడు. చీర ఉయ్యాల్లో వేస్తే దూకుతాడు. నా కండ్లు మూతలు పడేవి గాని వానివి పడవు.

"జానెడు లేడు, వాడే నిన్ను పండబెడతాండాడు గదమ్మే!" అని మా అత్త నవ్వేది.

మా నడవలో జొన్నలు దాచే పాతర ఉంది. ఇద్దరు మనుషుల లోతు. కరువుకు జొన్నలు అయిపోయి వట్టి పొట్టు మిగిలితే, పైన బండ మూసి పెట్టినాము. ఒకనాడు విసుగెత్తి ఆ బండను మడమతో దబదబా తన్ని, "బూచోడా, లెయ్యి! పైకి రా! వీడు పండుకోలేదు, ఎత్తుకపో!" అని అరిచినాను. పిల్లోడు బిగుసుకొని కండ్లు మూసినాడు. ఇంక దినమ్మూ అదే మందు.

కొన్నాళ్ళకు తన్నే పని కూడా తప్పింది. సంగటి తిన్న వెంటనే వాడే పోయి బండ మీద చెంప ఆనించి పండుకుంటాడు. పొద్దు వాలేదాకా కదలడు.

మొదట సంబరపడినాను. తర్వాత అనుమానం పట్టుకుంది. ఏ పిల్లోడన్నా అట్ల పండుకుంటాడా? నిద్రలో వాని నోరు వాసన చూసినాను. మూసిపెట్టిన పాతర వాసన. ముక్కిన జొన్నల వాసన.

"అత్తా, పిల్లోనికి నల్లమందు ఏమన్నా నాకిస్తాండావా?"

"నా నోట్లో మన్ను పడ! నేనేల నాకిస్తానే? నువ్వే పెడతాండావనుకుంటి!"

నేను నమ్మలేదు. మరునాడు మొహం మీద కొంగు కప్పుకొని దొంగనిద్ర పోయినాను. అత్త నీళ్ళకు పోయింది. బయట ఎండ పేలిపోతాంది. కాకి కూడా అరవడం లేదు. చెనిక్కాయల దుమ్ము గొంతులో గీరుతాంది.

పిల్లోడు నా దగ్గరికి వచ్చినాడు. వంగి నా మొహం చూసినాడు. నేను పండుకున్నానని నమ్మకం కుదిరినాక, మునివేళ్ళ మీద బండ దగ్గరికి పోయినాడు. బోర్లా పండుకొని, చిన్న చెయ్యి రాయి మీద వేసినాడు.

తప్... తప్... తప్...

"జో... జో... అమ్మ తన్నదులే... పండుకో..."

వీడు పండుకోవడం లేదు. దేన్నో పండబెడతాండాడు.

చెయ్యి ఆగింది.

బండ కింద పొట్టు నలిగింది... ఏదో పక్కకు తిరిగినట్టు... ఆ వెనకే పొడుగాటి నిట్టూర్పు...

పిల్లోణ్ని పట్టుకొని వీధిలోకి పరిగెత్తినాను. నా అరుపులకు పక్కింటి పుల్లన్న మామ గడ్డపారతో వచ్చినాడు. బండను ఎగదన్ని, తిరగేసి పక్కన పడేసినాడు. తాడుకు లాంతరు కట్టి లోపలికి దించినాడు.

"ఏముండాదమ్మే? పురుగు కూడా లేదు. ఎండకు నీకే తిక్క లేసినట్టుండాది."

నేను పాతరలోకి చూడలేదు. బండను చూస్తాండా. పిల్లోడు దినమ్మూ చెంప ఆనించే చోటికి సరిగ్గా కింది పక్కన రాయి తడిసి ఉంది. నిద్రలో నోటి నుంచి చొంగ కారిన తడి. చాటంత ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది.

అంత పైకి మొహం ఎట్ల అందిందో...

చంకలో కుళ్ళాయప్ప తెరిచిన పాతర దిక్కే చూస్తాండాడు. నా చెవికి నోరు ఆనించి గుసగుసగా అడిగినాడు.

"అమ్మా... ఇంక యాడ పండుకుంటాడు?"