ఎడమకు లాగడం మానేసిన పెద్దమ్మాయి

"మా పెద్దమ్మాయిని ఎవరో చంపబోయారండి" అంటూ ఆ పెద్దమనిషి శుక్రవారం పొద్దున్నే, ఇంకా కిటికీలైనా తెరవకముందే, డిటెక్టివ్ గారి ఆఫీసులోకి వచ్చి కూర్చున్నాడు. టైపిస్టు గబగబా మిషనులోకి కాగితం ఎక్కించి, ముందు అమ్మాయి వయసు చెప్పమంది.

"అరవై రెండు" అన్నాడాయన.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఎదుట కూర్చున్న మనిషికే డెబ్భై దాటినట్టు లేదు. డిటెక్టివ్ మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏ రంగు కారండీ?" అని తాపీగా అడిగాడు. వచ్చినాయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏ సబ్బుకూ లొంగని గ్రీజు మరక ఉందనీ, జేబులో రుమాలుకు బదులు పాలిష్ గుడ్డ ఉందనీ ఆమె తరవాత గమనించింది. ఇలాంటివి తరవాత గమనించడం ఆమెకు పదకొండేళ్లుగా అలవాటే. కంప్యూటర్లు వచ్చి టైపు ఇన్‌స్టిట్యూటు మూతపడ్డ రోజుల్లో పిలిచి పని ఇచ్చినవాడు డిటెక్టివ్. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని ఆమె నమ్మకం.

కారు బూడిదరంగుది. వచ్చినాయన నలభై ఏళ్లు అచ్చాఫీసు నడిపి మూసేసినవాడు, ఊరంతా ప్రెస్సుగారంటారు. కారు ఆయన తండ్రి కొన్నది. కూతురు పుట్టేనాటికే ఇంట్లో ఉంది కాబట్టి కారు పెద్దమ్మాయి, కూతురు చిన్నమ్మాయి. ఈ లెక్క మీద కూతురికి చిన్నప్పటినుంచీ కోపమేనట.

నిన్న, గురువారం సాయంత్రం, ఆయన ఒక చుట్టు తిప్పి ఇంటికి వస్తూ గేటు దగ్గరే మొదటిసారి గట్టిగా బ్రేకు వేశాడు. కారు ఉన్నట్టుండి కుడికి కోసుకుపోయి స్తంభాన్ని గుద్దింది. బంపరు వంగింది, దీపం పగిలింది. అంతకు ముందురోజు దాకా బండి బంగారంలా ఉంది. బుధవారం మధ్యాహ్నం ఆయన పాతకార్ల క్లబ్బు సమావేశానికి వెళ్లినప్పుడే ఎవరో షెడ్డులో దూరి బ్రేకుల్లో చెయ్యి పెట్టారని ఆయన అనుమానం.

అనుమానం కూడా కాదు, నిశ్చయం. చేసింది బావమరిదే అన్నాడు. పెద్దమ్మాయిని తన హోటలు ముందు అలంకారానికి నిలబెట్టమని నెల క్రితం అడిగితే తాను ఛీకొట్టాడు. బుధవారం ఆ మనిషి తమ ఇంట్లోనే ఉన్నాడు.

"ఎల్లుండి ఆదివారం చిన్నమ్మాయి, మనవలు వస్తున్నారు. అందర్నీ ఎక్కించుకుని కొండ మీదికి పోదామనుకున్నాం. ఆ ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఇలా అయ్యుంటే ఏమయ్యేదో ఆలోచించండి. మీరు రుజువు చూపించండి చాలు. వాడిక మా గడప తొక్కడు. వాళ్లక్క ఏడ్చి మొత్తుకున్నా సరే."

ఆ చివరి మాట అంటూ ఆయన జేబులోని పాలిష్ గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ముప్ఫయ్యేడేళ్ల చుట్టరికాన్ని తెంచుకోవడం ఆయనకూ తేలిక కాదని టైపిస్టుకు అర్థమైంది.

*

షెడ్డు చూస్తే పూజగదిలా ఉంది. పానాలు కొలతల వరుసలో గోడకు వేలాడుతున్నాయి. ఒక అరలో తాళం వేసిన అద్దాల పెట్టె. అందులో కంపెనీ సీలు తీయని అసలు సామాను. కారు తయారైన కాలంలోనే తయారై, ఏ గోదాములోనో మిగిలిపోయినవాటిని ఆయన దేశమంతా వెతికి తెచ్చుకున్నాడు. బజారులో దొరికే కొత్త సామాను పెద్దమ్మాయికి తగిలిస్తే, పట్టుచీర మీద గోనెపట్టా కప్పినట్టుంటుందని ఆయన అభిప్రాయం.

మూడేళ్ల క్రితం దాకా కారు పనులన్నీ ఒక మేస్త్రి చేసేవాడట. రోగం ఏదైనా చెవితోనే పట్టేస్తాడని అందరూ చెవుల మేస్త్రి అనేవారు. ఇరవై అయిదేళ్లు ఇంట్లో మనిషిలా తిరిగినవాడు, ఒకరోజు సీలు తీయని అసలు బ్రేకు గొట్టాలు చేతికిస్తే, వాటిని వేయనని మొండికేశాడు. బజారు సరుకు తెస్తానన్నాడు. ప్రెస్సుగారు బయటికి నడవమన్నాడు. గొట్టాలు తానే బిగించుకున్నాడు. అప్పటినుంచీ కారు మీద పరాయి చెయ్యి పడలేదు.

"కారు ఏమైనా మొండికేసేదా ఈ మధ్య?" అని డిటెక్టివ్ అడిగాడు.

మొండి ఏమీ లేదన్నాడాయన. బ్రేకు వేస్తే కొద్దిగా ఎడమకు లాగేది, అంతే. ఆర్నెల్లుగా అలవాటైపోయింది; బ్రేకుతో పాటే చెయ్యి దానంతటదే స్టీరింగును కాస్త కుడికి సర్దేసేది. పాతబండి అన్నాక నడకలో కొంచెం వయ్యారం ఉండదా అని నవ్వాడు.

"స్టార్టింగు?"

"మూడు నాలుగు తిప్పులకు అందుకునేది. చిత్రం, నిన్న ఒక్క తిప్పుకే అందుకుంది."

డిటెక్టివ్ ముందుచక్రాల వెనక చెయ్యి పెట్టి గొట్టాలు తడిమాడు. వాటి మీద జిడ్డూ దుమ్మూ దట్టంగా ఉన్నాయి. ఒక వేలు రాసుకుని, ఇంజను కింద భాగాన్ని మరో వేలితో రాసి, రెండు మరకలూ వెలుతురులో చూసుకున్నాడు. తరవాత బానెట్ ఎత్తించి, బ్యాటరీ పక్కన సందులోంచి ఏదో తీసి జేబులో వేసుకున్నాడు. టైపిస్టుకు క్షణం పాటే కనిపించింది: వేలెడు పొడవున్న దళసరి అట్టముక్క, మీగడ రంగుది, ఒక పక్కన బంగారు గీత, అంచులు నూనెతో నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందును ప్రెస్సుగారు దేనితో కొలుస్తాడని అడిగితే, ఆయన మఖమలు పెట్టెలోంచి స్టీలు గేజీ తీసి చూపించాడు. అది తప్ప మరొకటి ముట్టుకోనన్నాడు. షెడ్డు తాళం చెక్కుచెదరలేదు. ఒక చెవి ఆయన జేబులో, రెండోది వంటింటి అలమరలో ఉంటాయి.

పెరట్లో తీగ మీద ఉతికిన బొంత ఆరుతోంది. మధ్యలో పెద్ద నల్లమరక పోలేదు. ఇంత శుభ్రమైన ఇంట్లో ఆ మరకేమిటని టైపిస్టు మామూలుగా అడిగితే, ప్రెస్సుగారి భార్య ఏదో ఒలికిందంటూ కళ్లు దించుకుంది. నిన్నటినుంచీ ఆవిడ సరిగ్గా అన్నం తినడం లేదని చూడగానే తెలుస్తోంది. బుధవారం మధ్యాహ్నం తమ్ముడు భోంచేసి ముందుగదిలో నాలుగింటిదాకా నిద్రపోయాడని మాత్రం మూడుసార్లు చెప్పింది.

ఆ తమ్ముడిని హోటల్లో కలిశారు. మల్లెపువ్వు లాంటి చొక్కా, మడత నలగని పంచె. కారు సంగతి బావ వద్దన్న రోజే మరిచిపోయానన్నాడు. "మా బావ కారు బ్రేకు నా కాలికే తెలుసండీ, చేతికి తెలీదు" అని నవ్వి, వాళ్లు లేవబోతుంటే గొంతు తగ్గించాడు. "ఒక పని చేయండి. నేనే చేశానని రాసేసుకోండి. బావ నాలుగు తిడతాడు, పడతాను. అక్క అన్నం తింటుంది."

టైపిస్టు రాసుకోబోయింది. డిటెక్టివ్ తల అడ్డంగా ఊపి, "మీకు బంగారంలాంటి మనసుంది. కానీ అబద్ధం చెప్పడం రాదు" అన్నాడు.

తిరుగుదారిలో ఆయన తన పాత స్కూటరును చెవుల మేస్త్రి షెడ్డు ముందు ఆపి, పాయింట్లు చూడమన్నాడు. మేస్త్రి సన్నగా ఉన్నాడు. మోకాలు నొప్పి కాబోలు, పీట జరుపుకుని చాలా మెల్లగా కూర్చున్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. తల ఊపాడు. చొక్కాజేబు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. ఏదో పోగొట్టుకున్నవాడి మొహం పెట్టి, చివరకు పక్కనున్న బల్బు డబ్బా అట్ట చింపి పని కానిచ్చాడు. స్కూటరు ఒక్క తన్నుకు స్టార్టయింది. డిటెక్టివ్ టైపిస్టును ముందు ఆఫీసుకు పంపించి, తాను గంటసేపు అక్కడే కూర్చున్నాడు.

*

శనివారం పదింటికి డిటెక్టివ్ అందరినీ ప్రెస్సుగారి షెడ్డులోకి పిలిచాడు. ప్రెస్సుగారు, ఆయన భార్య, బావమరిది వచ్చారు. చివరన చెవుల మేస్త్రి, ఒక చేత్తో సంచీ పట్టుకుని, గుమ్మం బయటే ఆగాడు. ప్రెస్సుగారి మొహం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోపే డిటెక్టివ్ మొదలుపెట్టాడు.

"కారు మీద చెయ్యి పడిన మాట నిజమండీ. మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ చంపదలచినవాడు పోతూ పోతూ స్టార్టింగు బాగుచేస్తాడా? నాకు మొదట తగిలిన ముల్లు అది. రెండోది మీ గేటు స్తంభం. ఆర్నెల్లుగా బ్రేకు ఎడమకు లాగుతుంటే మీ చెయ్యి కుడికి సర్దుతూ వచ్చింది. గురువారం కారు లాగలేదు. తిన్నగా ఆగబోయింది. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ కుడికి తిప్పేసింది. స్తంభాన్ని గుద్దింది పాడైన బ్రేకు కాదు, బాగైన బ్రేకు."

ప్రెస్సుగారు తన కుడిచేతిని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

ఎవరో గొట్టాలు మార్చారు. కొత్తవని తెలిస్తే ఆయన పీకేస్తాడు కాబట్టి వాటికి జిడ్డూ దుమ్మూ పూశారు. ఆ జిడ్డు ఈ కారు ఇంజను జిడ్డు కాదు, రంగు వేరని డిటెక్టివ్ చెప్పాడు. తాళం పగలలేదు కనుక తలుపు ఇంట్లోవాళ్లే తీశారు. కారు కింద పడుకున్న మనిషికి నేల గుచ్చుకోకుండా ఎవరో దయగా బొంత పరిచారు. బావమరిది చొక్కా మడత నలిగినా భరించలేడు, కారు కింద దూరడం అతని వల్ల కాదు. ఇక ఆ మనిషి ఎవరో ఇది చెబుతుందని, డిటెక్టివ్ జేబులోంచి అట్టముక్క తీసి ప్రెస్సుగారి అరచేతిలో పెట్టాడు.

ప్రెస్సుగారు దాన్ని చూడనైనా లేదు. బొటనవేలితో ఒకసారి నిమిరాడు. నలభై ఏళ్లు కాగితాన్ని వేళ్లతో చదివిన మనిషి.

"ఇది చిన్నమ్మాయి పెళ్లిపత్రిక" అన్నాడు నెమ్మదిగా. "ఈ అట్ట నేనే ఎంచాను. ఈ బంగారు గీత నేనే కొట్టాను. పదిహేనేళ్లయింది."

"పాయింట్ల సందుకు ఆ మందం సరిగ్గా సరిపోతుందట. అంచులు చూడండి, ఒక్కరోజు వాడకానికి అంత నల్లబడవు. మీరిచ్చిన పత్రికను చింపి పారేయకుండా, పదిహేనేళ్లు గుండె మీది జేబులో పెట్టుకుని పనిచేసిన మేస్త్రి ఒక్కడే ఉన్నాడు."

అప్పుడు భార్య నోరు విప్పింది. పక్కన కూర్చునే మనిషికి తెలియదా అంది. ఎక్కడికి వెళ్లొచ్చినా ముందుచక్రం దగ్గర మాడు వాసన వస్తోంది. చెబితే ఆయన వినడు. ఆదివారం పిల్లలతో కొండదారి అనగానే భయం పట్టుకుని, మేస్త్రి దగ్గరికి తానే వెళ్లింది. తమ్ముడి మీద నింద పడుతుందని కలలో కూడా అనుకోలేదు. నిజం చెబితే ఆయన మళ్లీ ఆ గొట్టాలే బిగిస్తాడు, చెప్పకపోతే తమ్ముడు పోతాడు. రెండు రోజులుగా ఏ ముద్దా గొంతు దిగలేదంది.

"అవి అసలు సామాను" అన్నాడు ప్రెస్సుగారు, కానీ గొంతులో మునుపటి పట్టు లేదు. "వాడని సరుకు. సీలు కూడా తీయనిది."

మేస్త్రి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. సంచీలోంచి పాత గొట్టం తీసి బల్ల మీద పెట్టి, బ్లేడుతో నిలువునా చీల్చాడు. పైకి నల్లగా, నున్నగా ఉన్న రబ్బరు లోపల ఉబ్బి, పెచ్చులూడి ఉంది. బ్రేకు ద్రవం పారే దారి సూదిమొనంత మిగిలింది.

"ఇనుమైతే పెట్టెలో ఎన్నాళ్లున్నా అలాగే ఉంటుంది ప్రెస్సుగారూ. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. ఆ రోజు ఇదే చెప్పబోయాను, మీరు విన్లేదు. మొన్న సోమవారం మీ కారు మా షెడ్డు ముందునుంచి పోతుంటే ఎడమ చక్రం పట్టేస్తున్న చప్పుడు వినిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలా. మర్నాడు అమ్మగారే వచ్చారు. గొట్టాలు ఒక్కటే మార్చి పోదామనుకున్నా. బానెట్ ఎత్తాక చెయ్యి ఊరుకోలా."

ప్రెస్సుగారు ఆ చీల్చిన గొట్టాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. ఆ సూదిమొనంత దారి మీద మనవల్ని కూర్చోబెట్టి కొండ దించబోయిన సంగతి ఆయన మొహంలో మెల్లమెల్లగా తెలిసివచ్చింది. ముందు బావమరిది దగ్గరికి వెళ్లి భుజం పట్టుకున్నాడు. బావమరిది మాత్రం, హోటలు ముందు నిలబెట్టే సంగతి ఇప్పుడు అడగొచ్చా అన్నాడు. భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

తరవాత ఆయన అద్దాలపెట్టె తాళం తీసి, మిగిలిన రెండు గొట్టాలూ సీలుతో సహా మేస్త్రి చేతిలో పెట్టాడు.

"నువ్వే పారెయ్యి. నా చేతులకు రాదు" అన్నాడు. ఆ చేతుల్ని వదలకుండానే మళ్లీ అన్నాడు, "పొమ్మన్న ఇంటికి దొంగలా వచ్చి నా పిల్లల్ని కాచావు. ఈ రుణం నాకు తీరేది కాదు. తీర్చుకోవాలని కూడా లేదు, ఉండనీ."

*

ఆదివారం పొద్దున డిటెక్టివ్‌నూ టైపిస్టునూ కూడా రమ్మన్నారు. వెనక సీటులో చిన్నమ్మాయి, ఇద్దరు పిల్లలు, వాళ్ల అమ్మమ్మ కిక్కిరిసి కూర్చున్నారు. ముందుసీటు మేస్త్రిది. అతని చొక్కాజేబులో మీగడ రంగు పత్రిక ఒకటి, చింపనిది, పైకి కనిపిస్తోంది. అరిగిన ముక్కతో కొలత తప్పుతుందని ప్రెస్సుగారు తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క పత్రిక అతనికి ఇచ్చేశాడు.

టైపిస్టు గేటు పక్కన నిలబడి చూస్తోంది. పనికిరానిదని ఊరంతా పక్కన పెట్టిన విద్యను, తన విద్యను, పిలిచి కూర్చోబెట్టిన మనిషి ఆమె పక్కనే కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఆయనకు ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ మాట చెప్పలేదని ఆమెకు గుర్తొచ్చింది. "మీరు నాకు పని ఇచ్చినందుకు" అని మొదలుపెట్టి, ఎలా ముగించాలో తెలియక ఆగింది. తెలుసులే అన్నట్టు ఆయన తల ఊపాడు.

కారు ఒక్క తిప్పుకే అందుకుంది. గేటు దగ్గర రోడ్డు చూసుకోవడానికి ప్రెస్సుగారు బ్రేకు మీద కాలు వేశాడు. అలవాటు కొద్దీ చెయ్యి కుడికి కదలబోయింది. మేస్త్రి తన అరచేయి ఆ చేతి మీద తేలిగ్గా ఆనించాడు.

"ఇక సర్దక్కర్లేదు ప్రెస్సుగారూ. తిన్నగా ఆగుతుంది."

పెద్దమ్మాయి తిన్నగా ఆగింది.