తూకం తక్కువ ఏడుపు

పొద్దున ఏడున్నరకి పేపరు విప్పితే తొమ్మిదింటి దాకా ఇన్‌స్పెక్టర్ గారి నోరు మూతపడదు. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి, తక్కెడ పళ్ళెం కింద మైనం ముద్ద అంటించిన దుకాణదారుల్ని పట్టుకున్న మనిషి. రిటైరయ్యాక తనిఖీకి దుకాణాలు లేక లోకం మీద పడ్డారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళను చాలామందిని చూశాం గాని, పీకిన ఈకకి కూడా వంక పెట్టేవాడు ఈయనొక్కడే.

"వీడికి యాభై ఎనిమిదేళ్ళు. సినిమాలో కాలేజీ కుర్రాడట! మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేసే వయసులో పూలకుండీల మీంచి గెంతులు. దానికి జనం ఈలలు. సిగ్గు వాడికీ లేదు, వీళ్ళకీ లేదు."

"టీ చల్లారిపోతోందండీ," అంది భార్య.

"ఇది టీయా? కప్పు కడిగిన నీళ్ళు నయం." పేజీ తిప్పారు. "మంత్రిగారు వంతెన కడతాడట. ముందు మన వీధిలో గుంత పూడ్చమను. ఎదురింటాయన చూడు, కారు కొన్నాడు. పెట్టుకోవడానికి చోటు లేదు, నడపడం రాదు. రోజూ తుడిచి, కవరు కప్పి, కవరుని తుడుస్తున్నాడు."

భార్య నోట్లో నాలుక లేని మనిషి. ఆ కప్పు తీసుకెళ్ళి ఇంకో కప్పు తెచ్చింది. దాన్ని ఆయన వంక పెట్టకుండా తాగారు. రెండూ ఒకే గిన్నెలోవని ఆవిడ చెప్పలేదు.

ఇద్దరికీ ఒక్కతే కూతురు. ఇరవై ఆరేళ్ళది. ఉద్యోగంలో చేరినప్పుడు, "హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడే పని నాన్నా," అని చెప్పింది. "అంటే కాల్ సెంటర్లో అడ్డమైనవాళ్ళ తిట్లూ తినే పన్నమాట," అని ఆయన అక్కడితో ఆ సంగతి ముగించేశారు. ఏడాదిన్నరగా మళ్ళీ అడగలేదు. లోకంలో ప్రతిదానిమీదా అభిప్రాయం ఉన్నవాడికి ఇంట్లో సంగతులు అడిగే తీరిక ఎక్కడుంటుంది?

రోజూ ఎనిమిదికల్లా వెళ్ళిపోయే కూతురు ఆ రోజు సంచీ తగిలించుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆయన చూడలేదు. పేపరు అడ్డం.

"నాన్నా, ఒకటి చదువుతాను, వింటావా?"

"చదువు. నీ తరానికి చదవడం వచ్చని తెలిస్తే సంతోషమే."

ఫోను తీసి చదివింది. "'ఈ సీరియల్లో తల్లి పాత్రకి గొంతు అరువిచ్చిన మహాతల్లి ఎవరో గాని, జన్మలో ఏడ్చి ఎరగదు. రెండు ఎక్కిళ్ళు, ఒక దగ్గు, ఆపైన నిశ్శబ్దం. ఏడుస్తోందా, గొంతులో ముల్లు గుచ్చుకుందా? ఇది తూకం తక్కువ ఏడుపు. వెంటనే మార్చండి.'"

ఇన్‌స్పెక్టర్ గారు పేపరు దించారు. ముఖం వెలిగిపోయింది.

"అది రాసింది నేనే! 'నిక్కచ్చి' అన్న పేరుతో నెట్‌లో పెట్టాను. ఆరువేల మంది మెచ్చుకున్నారు. మీ ఆఫీసులో కూడా చదువుకుంటున్నారేమిటి?"

సాయంత్రం ఏడింటికి వచ్చే ఆ సీరియల్ చెత్త అని ఆయనకి తెలుసు. చెత్త అని రుజువు చెయ్యడానికి మూడొందల భాగాలుగా ఒక్క రోజూ వదలకుండా చూస్తున్నారు.

"చదివారు నాన్నా. అచ్చు తీసి గోడకి అంటించారు."

"ఎవరు?"

"మా డబ్బింగ్ స్టూడియోవాళ్ళు." గొంతు తగ్గించి, నలభై ఐదేళ్ళ మనిషిలా పలికింది. "'నువ్వు బాగుంటే చాలు బాబూ, నాకేం వద్దు.'"

రోజూ సాయంత్రం టీవీలోంచి వచ్చే గొంతు అది. ఆయన అసంకల్పితంగా టీవీ వైపు చూశారు. అది ఆపేసి ఉంది.

"నువ్వా?"

"నేనే. అమ్మకి తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమంటావో రోజూ వింటూనే ఉన్నాగా. పదిన్నరకి అలాంటి ఏడుపు సీనే ఇంకోటి చెప్పాలి. అందరూ ఏడ్చినట్టు బావురుమనాలట. లేకపోతే రేపట్నుంచి ఇంకో అమ్మాయి."

అక్కడైనా ఊరుకుంటే పెద్దరికం కాస్త మిగిలేది. కానీ ఊరుకోవడం ఆయన ఎప్పుడు నేర్చుకున్నారు గనక!

"అయితే బావురుమను, దానికేం? నా కూతురివైనంత మాత్రాన తప్పు ఒప్పైపోతుందా? నువ్వేడ్చినట్టు ఎవరేడుస్తారే? ఎక్కడన్నా చూశావా?"

"చూశాను. మన వంటింట్లో."

"ఊరుకోవే," అంది తల్లి.

"ఊరుకోనమ్మా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న స్నేహితులు భోజనానికొచ్చారు. 'మా ఆవిడ వంట రెండు పూటలు పెడితే ఎంత దొంగైనా నేరం ఒప్పుకుంటాడు' అన్నావు నాన్నా. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. లోపలికెళ్ళి పంపు తిప్పింది. ఆ చప్పుడులో ఏడ్చింది. నువ్వు పెరుగు తెమ్మని కేకేస్తే దగ్గి గొంతు సవరించుకుని, వస్తున్నా అంది. రెండు ఎక్కిళ్ళు, ఒక దగ్గు. అదొక్క రోజే కాదు. నేను సొంతంగా ఏదీ కల్పించలేదు."

ఇన్‌స్పెక్టర్ గారు పేపరు మడిచేశారు. ఆ దగ్గు ఆయనకి తెలుసు. ఎన్ని ఏళ్ళుగానో తెలుసు. ఇంట్లో దుమ్ము ఎక్కువని విసుక్కున్నారు, దగ్గు మందు తెచ్చి తాగించారు, ఆ మందు పనిచెయ్యలేదని డాక్టర్లందరినీ దొంగలన్నారు. ఆవిడ ఆ చేదంతా మాట్లాడకుండా తాగింది. ఇప్పుడు భార్య ముఖంలోకి చూడాలంటే ఆయనకి భయం వేసింది. బతుకులో మొదటిసారి ఆయన దగ్గర చెప్పడానికి అభిప్రాయమేదీ లేదు.

"అమ్మడూ, ఆ ఏడుపు మార్చకు," అన్నారు.

"నీ అభిప్రాయం నేనడగలేదు నాన్నా. నేనెలాగూ మార్చను. ఉద్యోగం పోతే పోనీ." లేచింది.

"ఆగవే, నేనూ వస్తాను." తల్లి చేతిలో కప్పు బల్లమీద పెట్టింది. "ఏడవడం రాదంటున్నారుగా, అది ఎవరి ఏడుపో నేనే చెబుతాను. ఇన్నాళ్ళూ చెప్పాల్సినచోట చెప్పలేదు. అక్కడన్నా చెబుతాను."

ఆవిడ ఒకేసారి అంత పొడుగు మాట మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కూతురు నిలబడిపోయింది.

"నేనూ రానా?" ఆయనా లేచారు. "రాసింది నేనేనని వాళ్ళకి చెబుతాను. వినడం చేతకాక రాశానని చెబుతాను."

భార్య ఆయన్ని పరీక్షగా చూసింది. "రండి. కానీ ఆ ఒక్క మాటే. ఇంకో మాట మాట్లాడితే నేను ఊరుకోను."

ఆయన తలూపారు. ఊపుతూనే బావురుమన్నారు, కిటికీలు తెరిచి ఉన్నా, వీధిలో జనం తిరుగుతున్నా. ఏడవడానికి ఆయనకి చాటు వెతుక్కునే అవసరం ఎప్పుడూ రాలేదు మరి.

భార్య వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ కళ్ళూ తడిశాయి. ఈసారి తిరిగి లోపలికి వెళ్ళలేదు.

"చాల్లెండి. ముఖం కడుక్కుని చెప్పులేసుకోండి. పిల్లకి ఆలస్యమవుతోంది."