సీటు కింద సన్నాయి

శనివారం పొద్దున్నే సీతారామారావు గారు కారు బానెట్టు ఎత్తి తల లోపల పెట్టారు. వెనకనుంచి చూసేవాళ్ళకి కనిపించేది పైకి కట్టిన పంచె, వంగిన నడుము, అంతే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి తాకించి, కొయ్యపిడి చెవికి ఆనించుకుంటే లోపల ఏ ముక్క ఎలా తిరుగుతోందో తెలుస్తుందని పాత మెకానిక్కు ఏసోబు ఆయనకి ఎప్పుడో నేర్పాడు. ఆ మోరిస్ కారుని బెజవాడ డాక్టరు దగ్గర కొన్న నాటినుంచీ, అంటే ఇరవై మూడేళ్ళుగా, ఆయనకి అదే సుప్రభాతం.

కూతురు ప్రమీలారాణి కాఫీ గ్లాసు తెచ్చి మడ్‌గార్డు మీద పెట్టింది. కాఫీ అని చెప్పలేదు. ఆయనా తిరగలేదు. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో కాఫీలు అలాగే చల్లారుతున్నాయి.

"మళ్ళీ పెట్టేసి వచ్చావా? ఒక్క మాట చెబితే నోరేమన్నా అరిగిపోతుందా?" అంది తల్లి సరోజినీదేవి, వంటింట్లోంచే.

"ఆయన మాట్లాడితే నేనూ మాట్లాడతా."

"బుధవారం ఊరొదిలి పోతున్నదానివి. ఆ సంగతైనా నువ్వే చెప్పవే."

"నువ్వు చెప్పు. నేను బస్సెక్కాక చెప్పు."

ఇరవై ఎనిమిదేళ్ళ ప్రమీల తిరువూరు ఆడపిల్లల స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఉన్న ఊళ్ళో ఉద్యోగం వదులుకుని, నెల్లూరులో ఏదో ప్రైవేటు స్కూలుకి తనే అర్జీ పెట్టుకుంది. అక్కడ హాస్టల్లో గది కూడా ఇస్తారట. ట్రంకుపెట్టె అప్పుడే సగం సర్దింది. సరోజినీదేవి ఆ పెట్టె వైపు చూడకుండా నాలుగు రోజులుగా ఇల్లంతా తిరుగుతోంది, అదెంత కష్టమో ఆవిడకే తెలియాలి.

తొమ్మిదింటి బస్సుకి కొడుకు భాస్కరరావు దిగాడు. బెజవాడలో రేడియోలు బాగుచేసే షాపు అతనిది. చంకలో గోనెగుడ్డ చుట్టిన అట్టపెట్టె ఉంది. తండ్రికి ఎదురుగా నిలబడి "బావున్నారా నాన్నా?" అంటే ఆయన మొహమంతా నవ్వుతో "ఎప్పుడు బయల్దేరావురా?" అన్నారు. అది ప్రమీల గుమ్మంలోంచి చూసింది. కొడుకుతో అయితే బాగానే మాట్లాడతారు.

కాసేపటికి ఎవరో మోటారుసైకిలు మీద వచ్చి ఆయన్ని గంపలగూడెం తీసుకుపోయారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో భాస్కరరావు పెట్టె విప్పాడు. మద్రాసునుంచి తెప్పించిన కేసెట్ స్టీరియో. నల్లగా, నిగనిగలాడుతూ, ఇటుక కంటే కాస్త పెద్దది.

"నీకేమన్నా మతిపోయిందా? డాష్‌బోర్డు కోస్తే నాన్న నిన్ను కోస్తారు" అంది ప్రమీల.

"కొయ్యను. ఒక్క మేకు కూడా కొట్టను. ఉన్నట్టే తెలియదు చూడు. నువ్వు లైటు పట్టుకో చాలు."

ఇద్దరూ కారు పక్కన చాప పరుచుకుని కూర్చున్నారు. ఆ పాత కార్లలో ఓ తిరకాసుంది. ఈ కాలపు కార్లలో బ్యాటరీ మైనస్సు బాడీకి కలుపుతారు, వాటిలో ప్లస్సు కలిపారు. స్టీరియో ఇనప ఒళ్ళు కారు ఇనుముకి తగిలిందా, క్షణంలో కాలిపోతుంది. అందుకని భాస్కరరావు పాత సైకిలు ట్యూబు కోసి, స్టీరియోకి పసిపాపకి పొత్తిగుడ్డలు చుట్టినంత జాగ్రత్తగా చుట్టాడు. దాన్ని చెక్కపెట్టెలో బిగించి ఎడమవైపు ముందు సీటు కిందకి తోశాడు. మీటలు వెనక సీటు వైపు ఉన్నాయి. రెండు స్పీకర్లలో ఒకటి తల్లి కూర్చునే సీటు కింద, ఒకటి తండ్రి సీటు కింద పెట్టి తాళ్ళతో కట్టాడు. వైర్లు రబ్బరు చాప కిందనుంచి బ్యాటరీ దాకా పోయాయి. అంతా అయ్యాక చూస్తే కారు నిన్న ఉన్నట్టే ఉంది.

"ఇంత తంటా ఎందుకురా?" అంది ప్రమీల.

భాస్కరరావు చేతులు తుడుచుకున్నాడు. "కారులో మీ ఇద్దరి మౌనం భరించలేకపోతున్నానక్కా. మీరెటూ మాట్లాడుకోరు. కారన్నా మాట్లాడనీ."

ప్రమీల లైటు ఆర్పేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. కాదన్న మాట పెద్దవాళ్ళు నోటితో అనరు. ఎవరేం అడిగినా ఇష్టమైతే సరేనంటారు, ఇష్టం లేకపోతే మాట్లాడకుండా ఊరుకుంటారు. ఊరుకున్నారంటే కాదని. మళ్ళీ అడగడం మర్యాద కాదు. తాతగారి నాటినుంచీ పాలేళ్ళ దగ్గర్నుంచి పిల్లల దాకా అందరికీ ఇది తెలుసు. దీనివల్ల ఆ ఇంట్లో ఎప్పుడూ పెద్ద గొంతు లేవలేదని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు కూడాను.

ఏడాదిన్నర కిందట, ఉప్పెన వచ్చిన ఏడు, కార్తీకంలో, వినగడపలోని తమ మామిడితోటకి పోతూ ప్రమీల వెనక సీట్లోంచి తండ్రిని అడిగింది. కారు నడిపేటప్పుడు ఆయన మనసు బాగుంటుంది, అప్పుడడుగు అని చెప్పింది సరోజినీదేవే. స్కూల్లో డ్రాయింగు మాస్టారు సుందరరాజు, కులం వేరు, మనిషి మంచివాడు, మీరు సరేనంటేనే, అని మూడు రాత్రులు కూడగట్టుకున్న మాటలు చెప్పింది. ఆయన రోడ్డు వైపే చూస్తూ నడిపారు. తోట వచ్చేదాకా ఒక్క మాట లేదు. తోటలో దిగాక "పూత ఈసారి ముందే వచ్చేట్టుంది" అన్నారు, అంతే.

సుందరరాజుతో ఆమె "మా నాన్న ఒప్పుకోలేదండి" అని చెప్పింది. అతను బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. ఆ మాఘంలోనే అతనికి పెళ్ళయింది. ఇప్పుడొక పాప. తోటకి పోయిన ఆ రోజునుంచి ప్రమీల తండ్రి ఎదురుగా నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆదివారం కాయ కోతలు చూడటానికి నలుగురూ బయల్దేరారు. ముందు తండ్రీ తల్లీ, వెనక అక్కా తమ్ముడూ. ఊరు దాటి గంపలగూడెం రోడ్డెక్కాక భాస్కరరావు సీటు కిందకి చెయ్యి పెట్టి మీట నొక్కాడు.

సన్నాయి లేచింది. వెనకే డోలు. సరోజినీదేవి ఉలిక్కిపడి, తర్వాత సంగతి అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకప్పుడు తిరునాళ్ళలో సన్నాయి మేళం ఉందంటే తెల్లవార్లూ కూర్చునే మనిషి ఆయన. భర్త మొహం వైపు ఆశగా చూసింది.

ఆయన రోడ్డు వైపే చూస్తూ నడుపుతున్నారు.

భాస్కరరావు మొహం చిన్నబోయింది. ఇంకాస్త పెంచాడు. రోడ్డు పక్కన గేదెలు తోలుకుపోతున్న మనిషి ఆగి మరీ చూశాడు. ఆయన మాత్రం చెక్కు చెదరలేదు. ప్రమీలకి ఒళ్ళు మండింది. తన విషయంలోనూ ఇంతే. ఇదే వీపు, ఇదే మెడ.

"వద్దులేరా, తీసెయ్. ఇష్టం లేదని చెప్పారుగా" అంది గట్టిగానే. "ఆయనకి ఎవరి ఇష్టమూ పట్టదు. మనం బతిమాలడం, ఆయన ఊరుకోవడం. నేను బుధవారం పోతున్నా నాన్నా. మళ్ళీ రాను. దీనికైనా ఏమన్నా అంటారా?"

"ప్రమీలా" అంది తల్లి భయంగా.

కారు ఆగింది. సీతారామారావు గారు మెల్లగా దిగుతూ భార్యతో అన్నారు, "బండి ఏదో అదురుతోందే. సీటు కింద దబదబమంటోంది. బేరింగు పోయిందేమో."

ఇంజను ఆపకుండానే బానెట్టు ఎత్తారు. ప్రమీల కోపంతో దిగి ఆయన వెనక్కి వెళ్ళింది, ఈసారి వదిలిపెట్టకూడదని. వెళ్ళి ఆగిపోయింది. పక్కనుంచి ఆయన మొహం కనిపించింది. స్క్రూడ్రైవరు పిడి చెవి దగ్గర లేదు. ఆయన దాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, కళ్ళు మూసుకుని వంగి ఉన్నారు. వెనక కారులో సన్నాయి ఊళ్ళో పెళ్ళంత గట్టిగా మోగుతోంది.

"నాన్నా" అంది ప్రమీల. ఆయన కదల్లేదు. "నాన్నా" అంది మళ్ళీ, చేయి చాస్తే అందేంత దగ్గరలో నిలబడి. కదల్లేదు.

భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడి తిరిగారు. కూతురి మొహం చూసి, ఆమె చూపు స్క్రూడ్రైవరు మీద ఉండటం చూసి, దాన్ని పంచె మడతలో దాచబోయారు.

"ఎప్పట్నించి?" అంది ఆమె, పెదవులు విడివిడిగా కదిపి.

ఆయన చాలాసేపు పైపంచెతో చేతులు తుడుచుకున్నారు. "చెవులు వినపడక రెండేళ్ళు దాటింది. పిడి చెవికి ఆనిస్తే లాభం లేదు గానీ పళ్ళతో పట్టుకుంటే తలలో కాస్త వినపడుతుంది. ఎదురుగా ఉంటే నోరు చూసి అర్థం చేసుకుంటా. చెబితే కారు తాళాలు లాక్కుంటారని చెప్పలేదమ్మా." తప్పు చేసిన వాడిలా అన్నారు, "ఒకసారి ఈ దారిలోనే వెనక కూర్చుని నాకేదో చెప్పావు. అద్దంలో చూశా, నీ నోరు కదులుతోంది. ఏమన్నావో తెలీలేదు. మళ్ళీ చెప్పమంటే బయటపడిపోతానని ఊరుకున్నా. అప్పట్నించీ నువ్వు నా మొహం చూడటం మానేశావు. ఏమడిగావు తల్లీ ఆ రోజు?"

కూతురి వెనకే దిగి వచ్చిన సరోజినీదేవి కొంగులో మొహం దాచుకుంది. ఆవిడకి అంతా అర్థమైంది.

ప్రమీల ఆయన మొహంలోకి చూసింది. ఈయన వద్దనలేదు. ఈయన వినలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పద్ధతి పక్కనపెట్టి ఎదురుగా నిలబడి మళ్ళీ అడిగి ఉంటే చాలు. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియలేదు. సుందరరాజు పాప ఈపాటికి కూర్చుంటూ ఉంటుంది. ఆ రోజు అడిగింది ఇప్పుడు చెబితే ఈ ముసలాయన మిగిలిన రోజులన్నీ ఏడుస్తూ బతుకుతారు.

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయనకి ఎదురుగా నిలబడింది.

"ఏమీ లేదు నాన్నా. కారులో పాటలుంటే బావుండునన్నాను."

ఆయన ఆమె పెదవుల వైపే చూశారు. "అంతేనా? దానికేనా ఇన్నాళ్ళు మాట్లాడలేదు?"

"మీ కూతుర్నేగా. పట్టుదల ఎక్కడికి పోతుంది?"

ఆయన నవ్వలేదు. ఇంకేమీ అడగలేదు కూడా. నమ్మారో, నమ్మినట్టు ఉండిపోయారో ప్రమీలకి ఎన్నటికీ తెలియలేదు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డ్రైవరు సీటు పక్కన, నేల మీద కూర్చోబెట్టింది. స్క్రూడ్రైవరు మొన సీటు కింది స్పీకరు చట్రానికి ఆనించి పిడి ఆయనకి అందించింది. ఆయన అర్థంకానట్టు చూసి, దాన్ని పళ్ళతో పట్టుకున్నారు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆయన కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. చెయ్యి మోకాలి మీదకి వచ్చి, డోలు పడే చోట సరిగ్గా తాళం వేసింది. కళ్ళనుంచి నీళ్ళు తెల్లటి మీసం మీదకి జారాయి. తన పెళ్ళిలో మోగని సన్నాయిని తండ్రి పళ్ళతో వింటుంటే ప్రమీల ఆయన భుజానికి తల ఆనించి, ఏడాదిన్నర ఏడుపు ఏడ్చింది. ఆమె ఏడవడం ఆయనకి వినపడలేదు. భుజం తడిసినప్పుడు తెలిసి, తల నిమిరారు.

ఇంటికి వచ్చేటప్పుడు ప్రమీల ముందు సీట్లో కూర్చుంది, వెనకొచ్చే బండ్ల హారన్లు తండ్రికి చేత్తో చూపిస్తూ. వెనకనుంచి సరోజినీదేవి నెమ్మదిగా అడిగింది.

"ఏమ్మా, బుధవారం వెళ్తావా?"

ప్రమీల రోడ్డు వైపు చూస్తూ ఊరుకుంది. తల్లి మళ్ళీ అడగలేదు.