చామంతి నొప్పి

పొద్దున ఏడింటికే చామంతి కడుపునొప్పి పండన్న కడుపులో మొదలైంది. పదయ్యేసరికి అతను నడుం వంచుకుని గుర్రపుశాల గుంజ పట్టుకున్నాడు.

"పేగు మెలెట్టేసినట్టుంది డాట్రమ్మా. కుడిపక్కన కత్తెట్టి తిప్పేస్తంది."

పశువైద్యురాలు హైమ గుర్రం డొక్కకు చెవి ఆనించింది. పేగులు మామూలుగానే గుడగుడలాడుతున్నాయి. చిగుళ్లు లేత గులాబీరంగులో, తడిగా ఉన్నాయి. చామంతి కాలితో నేల గీరడం లేదు, తల తిప్పి కడుపు చూసుకోవడం లేదు, పొర్లబోవడం లేదు. పైగా మేత కోసం ఆమె సంచీ లాగుతోంది.

కానీ వేదనపట్టీ అబద్ధం చెప్పదు.

కొండదారులు జారిపోయి, మంచులో డ్రోన్లు దారితప్పి, మన్యంలో మళ్లీ గుర్రాలే మందులు మోస్తున్నాయి. ప్రతి గుర్రం పొట్టలో నొప్పిని పసిగట్టే ఒక ఉదరగోళీ, దాని కాపరి నడుముకు ఒక పట్టీ. గుర్రం పడే బాధ కాపరికి తన ఒంట్లోనే వెంటనే తెలుస్తుంది. పట్టీలు వచ్చిన పదకొండేళ్లలో ఈ కొండమీద ఒక్క గుర్రమూ కడుపునొప్పితో చావలేదు. వైద్యులు గుర్రాన్ని చూడటం మానేసి కాపరి మొహం చూడటం అలవాటు చేసుకున్నారు.

"కాసేపు పట్టీ తియ్యి పండన్నా."

"తీస్తే మొత్తం అదొక్కర్తే పడాల కదమ్మా!"

తాము కొంత మోస్తే గుర్రానికి అంత తగ్గుతుందని కాపరులందరి నమ్మకం. పట్టీ బాధను పంచదని, నకలు మాత్రమే తీస్తుందని హైమ ఎన్నిసార్లు చెప్పినా వినరు.

"నకలో గికలో నాకు తెల్దు. మా ఆడదాని పురిటప్పుడు నేనిలాటిది కట్టుకునుంటే నాకిన్ని తిట్లు తప్పుండును," అని నవ్వబోయి మూలిగాడు.

హైమ గుర్రం ముక్కులోంచి గొట్టం వేసి నూనె పట్టించింది. అతని నొప్పి తగ్గలేదు. పేగు నిజంగా మెలిపడితే చామంతి పొర్లిపొర్లి చస్తుంది. ఆ భయంతో గట్టి మత్తు సూది పొడిచింది. గుర్రం తల వాల్చి, కాళ్లు ఎడం చేసి తూలుతూ నిలబడింది.

కాసేపటికి పండన్న మొహం విప్పారింది.

"పోనాది డాట్రమ్మా! ఒక్కపాలే పోనాది! నా తల్లి బతికిపోనాది!"

హైమ గోడకు చేరగిలబడి టీ పోసి అందించింది. అతను ముట్టలేదు. ఒళ్లంతా చెమట. పెదాలు పాలిపోయాయి. మెల్లగా గడ్డిమీదికి ఒరిగి మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాడు. పొద్దుటినుంచీ గుర్రంలో వెతికిన లక్షణాలు ఆమెకు మనిషిలో కనబడ్డాయి.

గబగబా పట్టీ ఊడదీసి పొత్తికడుపు మీద చెయ్యి వేసింది. చెక్కలా బిగుసుకుపోయి ఉంది. లోపల అపెండిక్స్ పగిలింది. నొప్పి ఒక్కసారిగా పోయింది అందుకే.

"నొప్పి నీదే పండన్నా. పొద్దుటినుంచీ నీదే."

"మరైతే దానికేటీ నేదా?"

"ఏమీ లేదు."

"అమ్మయ్య," అని కళ్లు మూసుకున్నాడు.

ఆసుపత్రి కొండ కింద, ఇరవై కిలోమీటర్లు. వైర్‌లెస్‌లో డాక్టరు అరిచాడు: "ఉన్నపళంగా గుర్రంమీద దింపండి. సాయంత్రం దాకా ఆగితే దక్కడు!"

మిగతా గుర్రాలు తెల్లవారగానే మందులతో వెళ్లిపోయాయి. శాలలో ఉన్నది వాళ్లిద్దరూ, చామంతీ. హైమ కళ్లెం పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. చామంతి ఒక్క అడుగు వేయబోయి ముందుకాళ్లమీద కూలబడింది. తను ఇచ్చిన మత్తు దిగాలంటే చీకటి పడాలి. మళ్లీ లాగింది. మళ్లీ.

వెనకనుంచి పండన్న గొంతు సన్నగా వినిపించింది.

"అలా లాగకు డాట్రమ్మా. దానికి నొప్పెడతాది."