లేని ఆస్తికి వచ్చిన పన్ను

ఆగండి. చేతిలో కాఫీ కప్పుంటే కాసేపు కింద పెట్టి, ఇది వినండి. ఎందుకంటే ఈ కథలో మొదట పోయిన మనిషి కాఫీ తాగుతూనే పోయాడు.

ఆయన ఒక పెయింట్ కంపెనీ ట్యాక్స్ మేనేజర్. ఆఫీసులో కాఫీ మెషీన్ పక్కనే కుప్పకూలాడు. అందరూ గుండెపోటు అన్నారు. కానీ అంతకు ముందే ఆయన సీక్రెట్ సర్వీస్‌కి ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పాడు. “సార్, లేని ఆస్తికి ట్యాక్స్ కనిపిస్తోంది.” అంతే, లైన్ కట్.

“దానర్థం ఏంటి చీఫ్?” అడిగింది ఏజెంట్ బుజ్జి.

ఇంట్లోవాళ్ళకి బుజ్జి ఆడిట్ ఫర్మ్‌లో ట్రైనీ. ఆడిట్ నిజంగానే చేస్తుంది. మిగతాదే ఎవరికీ తెలియదు.

“అర్థమైతే నిన్నెందుకు పిలుస్తానమ్మా?” చీఫ్ విసుక్కున్నాడు. “ఇవాళ ఆ కంపెనీని ఒక విదేశీ ముఠా కొంటోంది. పైకి రంగుల వ్యాపారం, లోపల ఆయుధాల బేరం. వాళ్ళకి కావాల్సింది విమానాన్ని రాడార్‌కి కనపడకుండా చేసే పెయింట్ ఫార్ములా.”

ఆ ఫార్ములా కనిపెట్టింది కంపెనీ చీఫ్ కెమిస్ట్. అంటే బుజ్జి సొంత అక్క.

“కానీ ఫార్ములా అమ్మట్లేదుగా చీఫ్! అగ్రిమెంట్ ప్రకారం బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న ఆస్తులే వాళ్ళకి వెళ్తాయి. ఫార్ములా అందులో లేదు. సొంతంగా చేసుకున్న రీసెర్చ్ కదా, పెట్టిన డబ్బంతా ఎప్పటికప్పుడు ఖర్చు కింద రాసేశారు.”

“మరి ఫార్ములా రాని కంపెనీకి పదింతల ధర ఎందుకిస్తున్నారు? లోపల మనవాడొకడున్నాడు. ‘ఫ్యాన్ తగ్గించండి’ అంటాడు. అదే కోడ్. ఇంకెవర్నీ నమ్మకు. మీ అక్కని కూడా.”

మీ అక్కని కూడా. ఆ మాట దారి పొడవునా బుజ్జి చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

పెయింట్ కంపెనీలో అడుగుపెట్టగానే అందరి మీదా అనుమానమే. రిసెప్షనిస్ట్ అంత నవ్వుతోందేం? ఫైనాన్స్ డైరెక్టర్ ఊరికే అరచేతులు తుడుచుకుంటున్నాడేం? కాఫీ మెషీన్ని అప్పుడే అంత తళతళా కడిగిందెవరు?

కారిడార్లో అక్క ఎదురొచ్చింది. ల్యాబ్ కోటు నిండా మరకలు.

“ఏమే, ఆముదం తాగినట్టు ఆ మొహమేంటి?”

“ఏం లేదక్కా, పని.”

అక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “ఎవరికీ చెప్పకు. ఈ సంతకాలయ్యాక నన్నూ మీ బావనీ విదేశాలకి పంపిస్తారట. పెళ్ళవగానే ప్రయాణం!”

బుజ్జికి చీఫ్ మాట గుర్తొచ్చింది. అక్కేనా? తన పక్కన పడుకుని ఏడుపులన్నీ చెప్పుకున్న అక్కేనా?

మీటింగ్ రూమ్‌లో కాబోయే బావ కూర్చుని ఉన్నాడు. వాల్యుయేషన్ కన్సల్టెంట్. కంటికి కనపడని ఆస్తులకి, అంటే బ్రాండులకీ పేటెంట్లకీ, ధర కట్టడం ఆయన పని. సూటు, సెంటు, ఆ నవ్వు చూస్తే అద్దాలమేడలో పెట్టిన బొమ్మలా ఉంటాడు.

“రా మరదలా! ఆడిట్ పేరు చెప్పి మా బిస్కెట్లు తినడానికేగా వచ్చావు?”

“మీ లెక్కలు చూశాక ఆకలి చచ్చిపోయింది బావా.”

ఆయన పగలబడి నవ్వి, అటెండర్ వైపు తిరిగాడు. “కాస్త ఆ ఫ్యాన్ తగ్గించండి.”

అది ఏసీ గది. ఫ్యానే లేదు.

మనవాడు! బుజ్జికి ప్రాణం లేచొచ్చింది. అటెండర్ బయటికెళ్ళగానే బావ కన్ను గీటాడు. “ఆస్తులన్నీ నేనే చూశా. ఫార్ములా ఎక్కడా లేదు. మీవాళ్ళ చేత ఓకే చెప్పించి ఇంటికెళ్ళిపో.”

మనవాడే అయితే ఈ తొందరేంటి? బుజ్జి బల్ల మీదున్న బ్యాలెన్స్ షీట్ పేజీలు తిప్పింది. ట్యాక్స్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. డిఫర్డ్ ట్యాక్స్. తర్వాతెప్పుడో కట్టాల్సిన పన్ను. కొండంత ఉంది!

ఎందుకొస్తుందిది? రీసెర్చ్‌ని పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించి అప్పుడే పన్ను తగ్గించుకున్నారు. అదే రీసెర్చ్‌ని పుస్తకాల్లో ఆస్తిగా రాస్తే, ఆ పన్ను ముందుముందు కట్టాలి. కానీ ఇక్కడ ఆస్తే లేదు. మనిషి లేడు, నీడ మాత్రం నేల మీద పడి ఉంది.

అంటే ఫార్ములాని ఆస్తిగా రాసిన బ్యాలెన్స్ షీట్ ఇంకోటి ఉంది! అందరికీ చూపించే కాపీలో ఆస్తిని తీసేసినవాడు, సాఫ్ట్‌వేర్ దానంతట అదే వేసిన పన్నుని తీయడం మర్చిపోయాడు. పాపం ట్యాక్స్ మేనేజర్ కంట్లో పడింది ఇదే.

బుజ్జి హాల్లోకి పరిగెత్తేసరికి ఓనర్ పెన్ను క్యాప్ తీస్తున్నాడు. ఎదురుగా ముఠా మనిషి. సంతకాలు పెట్టాల్సిన ఫైనల్ కాపీని తన బ్యాగులోంచి తీసి పెడుతున్నది బావ.

“ఒక్క డౌట్ బావా! ఈ డిఫర్డ్ ట్యాక్స్ దేనిమీద?”

“పాత బ్రాండు మీద బుజ్జీ. కొన్నాం కదా.”

“దాని విలువ పోయిందని పోయినేడే సున్నా చేశారుగా. సంతకం మీదే! సున్నాకి ఇంత బాకీ ఏంటి?”

బావ నవ్వు సగంలో ఆగింది. ఓనర్ గబగబా ఫైనల్ కాపీ తిరగేశాడు. “ఇదేంటి? ఇందులో ఫార్ములా ఉందే!”

పెన్ను కాగితానికి తగలబోయి ఆగింది. బావ చెయ్యి కోటులోకి వెళ్ళింది. బయటికొచ్చింది విషం సూది. బుజ్జి ఆడిట్ స్టేప్లర్ ఒక్కసారి టక్కుమంది. మత్తు పిన్ను బావ మెడలో దిగింది. అంత అందగాడూ బిస్కెట్ల ప్లేటులో మొహం పెట్టి పడుకున్నాడు. తలుపు దగ్గర కాపు కాసిన సీక్రెట్ సర్వీస్ మనుషులు ముఠావాణ్ణి ఒడిసిపట్టుకున్నారు.

“మనకీ పనిచేశాడు, వాళ్ళకీ పనిచేశాడు,” అన్నాడు చీఫ్ ఫోన్లో. “ట్యాక్స్ మేనేజర్ని చంపిందీ వాడే. ఫార్ములాతో పాటు మీ అక్కని కూడా ఎత్తుకుపోవాలని ప్లాన్. ఆవిడకి ఏ పాపం తెలీదు. కానీ విను, ముఠా బాస్ ఆ పెళ్ళికి వస్తున్నాడు. వాణ్ణి పట్టుకోవాలంటే పెళ్ళి జరగబోతున్నట్టే ఉండాలి. అక్కకి ఒక్క ముక్క చెప్పకు. ఇది ఆర్డర్.”

ఫోన్ పెట్టేసిందో లేదో మళ్ళీ మోగింది. అక్క.

“బుజ్జీ, మీ బావ ఫోన్ ఎత్తట్లేదే! బాగానే ఉన్నాడా?”

హాయిగా నిద్రపోతున్నాడని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. మీరైతే ఏం చెప్తారు?