సమ్మెట

ఇంకొక్కసారి ఆ మాట వినబడితే గేట్లు మూసుకుపోతాయని ఓడల మరమ్మతు షెడ్డులో నలభై మందికీ తెలుసు. ప్రభుత్వం, యాజమాన్యం, సంఘం ముగ్గురూ కలిసి రాసుకున్న ఒప్పందం అది. గోడకు బిగించిన శాంతిశ్రవణి యంత్రం ‘సమ్మె’ అన్న మాటను నెలలో మూడుసార్లు వింటే సమ్మె మొదలైనట్టే. చేసినవాళ్ల పనిపట్టాలు రద్దు. ఈ నెల అప్పుడే రెండుసార్లు వింది. రెండుసార్లూ పాపం ఎవరో సమ్మెట అడిగారంతే. యంత్రానికి పాము చెవులు ఉన్నాయిగానీ మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక లేదు.

మధ్యాహ్నం లంగరు గొలుసు జారి సన్నిబాబు తొడమీద పడింది. పదేళ్లుగా అతని పక్కనే పనిచేస్తున్న గౌరమ్మ గునపం దూర్చి బరువంతా భుజంమీద ఆపింది. వదిలితే కాలు నుజ్జే. గొలుసును పట్టి ఉంచిన చీల ఊడాలంటే గట్టిగా ఒక్క దెబ్బ పడాలి.

“సుత్తి తెండర్రా!” అని అరిచింది.

చిన్న సుత్తి తెచ్చారు. చీల కదల్లేదు.

“పెద్దది... పెద్దది!”

యంత్రాల హోరులో ఎవరో పెద్ద జాకీ ఈడ్చుకొచ్చారు. నేలంతా నెత్తురు.

“ఆ మాట అనకప్పా,” అన్నాడు సన్నిబాబు పళ్లు బిగించి. “అందరి పన్లూ పోతాయి.”

నలభై ఇళ్ల పొయ్యిలు గౌరమ్మ కళ్లముందు మెదిలాయి. అయినా అరిచింది.

“సమ్మెట!”

సమ్మెట వచ్చింది. చీల ఊడింది, కాలు బయటపడింది. అప్పటికే గేట్లు మూసుకుపోయాయి. ఎవరో పిలిచిన అంబులెన్సు గేటు అవతలే ఆగిపోయింది.

“సమ్మె నమోదైంది,” అంది శాంతిశ్రవణి మర్యాదగా. “దయచేసి మీ డిమాండు తెలపండి.”

సంఘం ప్రతినిధి లచ్చుమునాయుడు మొహం పాలిపోయింది. “ఎవులూ మాటాడకండి! డిమాండు సెప్పినోడే సమ్మె సేసినోడు.”

గౌరమ్మ తుండుగుడ్డతో గాయాన్ని అదిమిపట్టి తలెత్తింది.

“సమ్మె సేసింది నానే. గేటు తియ్యండి. అదే నా డిమాండు.”

“ధన్యవాదాలు. మీ డిమాండును యాజమాన్యానికి పంపాం. సమాధానానికి గడువు పద్నాలుగు రోజులు.”

సన్నిబాబు కళ్లు మూతలు పడుతున్నాయి. “తీస్తారా అప్పా?”

“తీస్తార్రా తమ్ముడూ,” అంది గౌరమ్మ. తుండుగుడ్డ తడిసి వేళ్ల సందుల్లోంచి నెత్తురు వెచ్చగా కారుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు అంత భయం ఎన్నడూ వేయలేదు.